ఆ కార్డు వచ్చేదాకా ఆగకమ్మా

రాజంపేట,
19 జనవరి 2026.

చిరంజీవి చిట్టికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఉభయకుశలోపరి.

ఈ మాట రాయగానే నాకే నవ్వు వచ్చింది. కువైట్‌లో మా గదిలోంచి వెళ్ళిన ఉత్తరాలన్నీ ఇలాగే మొదలయ్యేవి. చదువురాని వాళ్ళకు నేనే రాసిపెట్టేవాణ్ణి కాబట్టి తెలుసు, ఆ మాట తర్వాత నిజం రాయించినవాడు అరుదు. జ్వరంతో ముసుగుతన్ని పడుకున్నవాడు కూడా ‘ఇక్కడ నాకు ఏ లోటూ లేదు, దిగులు పెట్టుకోవద్దని రాయి అన్నా’ అనేవాడు. అలాగే రాసేవాణ్ణి. ఉత్తరం ఊరు చేరడానికి పది పదిహేను రోజులు, జవాబు రావడానికి మళ్ళీ అంత. ఆలోపు జ్వరం ఎలాగూ తగ్గిపోయేది కనుక ఆ అబద్ధం నిజమై కూర్చునేది.

అమెరికాలో ఉన్న మీకు ఆ వెసులుబాటు లేదు. రోజూ ఫోనులో కనిపించాలి. ఫోన్ చేసే ముందు నువ్వు జుట్టు సర్దుకుంటావు, వెనకాల గిన్నెలు కనపడకుండా కుర్చీ జరుపుకుంటావు. ఇక్కడ మేము టీవీ కట్టేసి, దగ్గు ఆపుకుని కూర్చుంటాం. ఇన్ని సర్దుబాట్లయ్యాక మాట్లాడుకోవడానికి మిగిలేవి ఏం వండావు, అక్కడ ఎంత చలి అన్నవే. అందుకే కాగితం తీసుకున్నాను. దీన్ని ఫొటో తీసి పంపను, పోస్టులోనే వేస్తాను. చేరినప్పుడే చేరుతుంది.

మీ అమ్మ చెప్పింది. నాన్నకు చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నావట. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా చెప్పావంటే, నాకు తెలియాలనే చెప్పావేమో అనుకున్నాను. నిద్ర పట్టడం లేదని, ఆఫీసు నుంచి మెయిలు వచ్చిన చప్పుడుకే గుండె దడదడలాడుతోందని, సెప్టెంబరు నుంచి మానసిక నిపుణురాలి దగ్గరికి వెళ్తున్నావని అన్నీ చెప్పింది. చాలా మంచి పని చేశావు. ఉత్తరం పొడుగు చూసి విసుగొస్తే ఈ ఒక్క ముక్క చదివి పక్కన పెట్టేసినా నాకు సంతోషమే.

నాకు చెప్పడానికి ఎందుకు వెనకాడావో ఊహించగలను. మన ఊళ్ళో మనసు బాగోలేదంటే ఒకరు పిచ్చి అంటారు, ఇంకొకరు తిన్నది అరగక అంటారు. ఈ రెండింటికీ మధ్య మరేదీ లేనట్టే మాట్లాడతారు. గల్ఫ్ గదుల్లో బతికినవాడికి ఆ మధ్యలో ఏముందో తెలుసు.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి ఉంది. కువైట్‌లోని ఫర్వానియాలో మా గదిలో ఎనిమిది మందిమి, ఒకదాని మీద ఒకటి మంచాలు. అందులో రైల్వే కోడూరు వైపు నుంచి వచ్చిన కుర్రాడు ఒకడు ఉండేవాడు. మంచి పాటగాడు. శుక్రవారం సెలవు కదా, ఆ రోజు వంట ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. వాళ్ళ అమ్మ పోయిందన్న కబురు అతనికి కర్మకాండ కూడా అయిపోయాక ఉత్తరంలో తెలిసింది. పాస్‌పోర్టు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్ దగ్గర ఉంది. ఆ కఫీల్ వేసవి గడపడానికి దేశంలోనే లేడు. కుర్రాడు ఏడవలేదు. మర్నాడు మామూలుగా పనిలోకి వెళ్ళాడు. కొన్నాళ్ళకు మాట తగ్గించాడు, ఆ తర్వాత తిండి, ఆ తర్వాత స్నానం. రాత్రిళ్ళు మేడ మీదికి వెళ్ళి ఒక్కడే కూర్చునేవాడు. గాలి సోకిందని ఒకరు, ఎవరో చేతబడి చేయించారని ఒకరు, ఊరికి పంపి పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుందని ఇంకొకరు. ఒకాయన కడప నుంచి తాయెత్తు కూడా తెప్పించాడు.

అతణ్ణి దారిలో పెట్టింది ఒక కేరళ నర్సు. మాలో ఒకరికి కాలు విరిగితే ఆసుపత్రిలో పరిచయమైంది. ఆవిడ ఇతని ముఖం చూసి నాలుగు ప్రశ్నలు వేసి, ఇది జబ్బు, దీనికి డాక్టర్లున్నారు, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు మీరంతా అని వచ్చీరాని హిందీలో మమ్మల్ని దులిపేసి, దగ్గరుండి డాక్టరుకు చూపించింది. మాత్రలు వాడాడు. కొన్ని నెలలకు ఒక శుక్రవారం పొద్దున లేచేసరికి ఉల్లిపాయలు తరుగుతున్న చప్పుడు వినిపించింది. ఇప్పుడు అతనికి కోడూరు దగ్గర తోట ఉంది. ప్రతి ఏడాదీ మనింటికి వచ్చే మామిడికాయల బుట్ట అతను పంపేదే. చిన్నప్పుడు నువ్వు బండి మీద ఎక్కి తిరిగింది కూడా ఆయన తోటలోనే.

అందుకని మీ అమ్మ చెప్పినప్పుడు నేను కంగారు పడలేదు. ఏ నర్సూ తిట్టకుండానే నీ అంతట నువ్వే వెళ్ళావు. మందులు రాస్తే వాడు. మీ అమ్మ ఇన్నేళ్ళుగా పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది, దానికి ఎవరి దగ్గరా తల దించుకోలేదు. ఇదీ అంతే. మధ్యలో బాగుందనిపించి నీ అంతట నువ్వు మానేయవద్దు, అది మాత్రం డాక్టరును అడిగే చెయ్యాలి.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది వేరే ఉంది.

మేము యాభై డిగ్రీల ఎండలో స్తంభాలెక్కాం, మీకు ఏసీ గదుల్లో కూర్చుంటే దిగులేమిటని నా తోటి కువైట్ వాళ్ళు తమ పిల్లలతో అంటూ ఉంటారు. ఆ వాదన నాకు నచ్చదు. బాగా ఆలోచిస్తే ఒక్క విషయంలో మా బతుకే మీకంటే తేలిక. మేము తిరిగి వచ్చేయడం ఖాయం. కువైట్ మాబోటివాళ్ళకు పౌరసత్వం ఇవ్వదు, ఇస్తుందని ఎవరమూ అనుకోలేదు. అకామా, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి, ఉన్నన్నాళ్ళు పని, అది అయిపోతే విమానం. ఇల్లు ఇక్కడ, పెళ్ళాం పిల్లలు ఇక్కడ, పరువు ఇక్కడ. అక్కడికి తీసుకెళ్ళింది ఈ రెండు చేతులనే. బాధలు పడ్డాం. కానీ నేను ఎక్కడివాణ్ణన్న అనుమానం నాకు ఒక్కనాడూ రాలేదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చి కువైట్‌ను ఆక్రమించినప్పుడు కూడా రాలేదు. దాచుకున్న దినార్లకు విలువ లేకుండా పోయింది. రావలసిన జీతం ఎవరిని అడగాలో తెలియదు. బస్రా, బాగ్దాదు మీదుగా బస్సుల్లో జోర్డాన్ చేరి, గుడారాల్లో పడి ఉండి, అమ్మాన్‌లో ఎయిరిండియా విమానం ఎక్కి బొంబాయిలో దిగాం. రెండు నెలల్లో సుమారు 1,70,000 మంది భారతీయులను అలా తీసుకొచ్చారు. నా దగ్గర ఒక చేతిసంచి మాత్రం మిగిలింది. అయినా ఎటు వెళ్తున్నానో తెలుసు, ఇంటికి వెళ్తున్నాను. ఆ గుడారంలో ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేవాణ్ణి. కువైట్ విడుదలయ్యాక అప్పులు తీర్చడానికి మళ్ళీ వెళ్ళానన్నది నీకు తెలిసిన కథే.

మొన్న గ్రంథాలయంలో ఒక పుస్తకంలో చదివాను. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఇంటి బెంగను ఒక జబ్బుగా లెక్కించి సిద్ధాంతవ్యాసం రాశాడట. బెర్న్ నుంచి బాసెల్‌కు చదువుకోవడానికి వచ్చిన కుర్రాడొకడు చావుబతుకుల్లో పడితే, ఇక లాభం లేదని ఇంటికి పంపించేశారు. బెర్న్ చేరకముందే, దారిలోనే కోలుకున్నాడు. ఆ రెండు ఊళ్ళకూ మధ్య దూరం మనకు రాజంపేట, తిరుపతి అంత ఉంటుందేమో. అమెరికా దూరం కాదు. అంటే వాడి రోగం దూరం వల్ల వచ్చింది కాదని నాకు అనిపించింది. వెళ్ళిపోతున్నానని తెలియగానే సగం నయమైంది.

నీకు అదే లేదు, చిట్టీ. ఉండిపోతున్నావని ఎవరూ చెప్పరు, వెళ్ళిపోవాలనీ చెప్పరు. నువ్వు వివరించిన లెక్కలన్నీ నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఏడాదికి 65,000 హెచ్-1బి ఉద్యోగ వీసాలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకు ఇంకో 20,000, అవీ లాటరీ. వస్తే మూడేళ్ళు, ఇంకో మూడేళ్ళు. ఆపైన ఉండాలంటే శాశ్వతంగా ఉండనిచ్చే గ్రీన్ కార్డు కాగితాలు నడుస్తూ ఉండాలి. ఆ కార్డుల్లో ఏ దేశానికైనా ఏడు శాతానికి మించి ఇవ్వరు కనుక, ఇంత పెద్ద దేశానికీ అంతే, పక్కనున్న చిన్న దేశానికీ అంతే. 2013లో అర్జీ పెట్టినవాళ్ళ వంతు ఇప్పుడు నడుస్తోందని నువ్వే చూపించావు. అప్పటికి నువ్వు ఇంజనీరింగ్ రెండో ఏడు. నీ అర్జీ 2022ది. ఈలోగా ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకొకటి వెతుక్కోవాలి, లేదంటే సామాను సర్దుకోవాలి.

ఇలాంటి నేల మీద నిలబడినవాడికి నిద్ర పట్టకపోతే అది మనోబలం లేకపోవడం కాదు. మాకు కఫీల్ ఒక్కడు, వాడి ముఖం కనిపించేది. బతిమాలేవాళ్ళం, తిట్టుకునేవాళ్ళం. మీ కఫీల్‌కు ముఖమే లేదు.

సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వచ్చింది చూడు, మనకు అప్పటికి శనివారం తెల్లవారుజాము. ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో తెలియక ఇండియాకు బయలుదేరిన వాళ్ళు విమానాశ్రయాల నుంచే వెనక్కి తిరిగారని టీవీలో చూపించారు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకు కాదని మర్నాటికి చెప్పారు. ఏం లాభం, నీ దసరా టికెట్ అప్పటికే రద్దయింది. ఆ రోజు నువ్వు ఏడ్చి ఉంటే బాగుండేదని మీ అమ్మ ఇప్పటికీ అంటుంది. ‘పరవాలేదు నాన్నా, వచ్చే ఏడు వస్తాను’ అని అంత మామూలుగా అన్నావు. నాకు ఫర్వానియాలో ఆ కుర్రాడు మర్నాడు పనిలోకి వెళ్ళడం గుర్తొచ్చింది.

సరే, ప్రభుత్వాల సంగతి మన చేతిలో లేదు. కానీ ఒక్కటి గమనించాను. అమెరికా వెళ్ళి ఎనిమిదేళ్ళు దాటింది. నీ ఇంట్లో ఇంకా మంచం లేదు. నేల మీద పరుపు, గోడకు ఒక్క బొమ్మ లేదు, పుస్తకాలు అట్టపెట్టెల్లోనే. అడిగితే ‘ఎప్పుడు ఖాళీ చెయ్యాల్సి వస్తుందో, అనవసరంగా ఎందుకు నాన్నా’ అంటావు. కుక్కపిల్లను పెంచుకోవాలని ఉందన్నావు, కార్డు వచ్చాక అన్నావు. కారు మార్చడం కార్డు వచ్చాక. ఇష్టమైనవాడు కనబడితే పెళ్ళి సంగతి కూడా కార్డు వచ్చాకే అంటావని నాకు అనుమానం. మేము గల్ఫ్‌లో అలా బతకవచ్చు, ఎందుకంటే మా అసలు బతుకు ఇక్కడ నడుస్తూ ఉండేది, మీ అమ్మ నడిపేది. నీ తరఫున నీ బతుకు నడిపేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు. నువ్వు అక్కడ ఆపేస్తే అది ఆగిపోయినట్టే.

మంచం కొనుక్కో. మంచి కర్రది. వెళ్ళిపోవాల్సి వస్తే అమ్మేయవచ్చు, ఎవరికైనా ఇచ్చేయవచ్చు. పోయేది ఏమీ లేదు.

నువ్వు నిర్ణయించుకున్నంత మాత్రాన వాళ్ళు తోసేయరా అని అడుగుతావు. తోసేయవచ్చు. 1990లో నన్ను తోసేశారు. అది తగిలిన రోజు తగులుతుంది, తట్టుకుంటాం. రోజూ దాని కోసం వీపు అప్పగించి కూర్చోవడం నాకు నచ్చడం లేదు. ఒక గడువు నువ్వే పెట్టుకో. ఇంకో పదేళ్ళు అక్కడే అనుకుంటే పదేళ్ళు అక్కడి మనిషిలా ఉండు. లేదు, ఒక రెండేళ్ళలో హైదరాబాదు వచ్చేస్తాననుకుంటే అదీ చెప్పెయ్. కెనడా అంటే కెనడా. ఏదైనా మాకు ఒకటే. మా కోసం అక్కడ ఉండవద్దు, మా కోసం తిరిగి రావద్దు. మీ అమ్మ రెండో మాటకు ఒప్పుకోలేదు, నేను ఆవిడ తరఫున కూడా రాసేస్తున్నాను.

ఒకసారి నవ్వుతూ అన్నావు, అక్కడ ఎంతకాలమున్నా ఇండియన్‌నే, ఇక్కడికొస్తే అమెరికా అమ్మాయిని, మరి నేనెవరిని నాన్నా అని. అప్పుడు మాట మార్చి భోజనానికి లేపాను, ఎందుకంటే చుట్టాలు ఉన్నారు. నేను ఊరికి తిరిగొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ వీధిలో ఇప్పటికీ నేను కువైట్ ఆయననే. మనది కువైట్ వాళ్ళ ఇల్లే. షాపులో ఎక్కువ ఖరీదు చెబితే ఇప్పటికీ లోపల దినార్లలో లెక్క కడతాను. ఆదివారం కంటే శుక్రవారమే సెలవులా అనిపిస్తుంది. విసుగొచ్చినప్పుడు నోట్లోంచి అరబ్బీ మాట వస్తుంది, మీ అమ్మకు అర్థం కాదు కనుక గొడవ లేదు. ఇవన్నీ నాలోంచి పోలేదు. పోవాలని నేను ప్రయత్నించనూ లేదు. మనిషన్నాక నాలుగు చోట్ల దుమ్ము అంటుకుంటుంది. నీ పేరు అక్కడ సగమే పలుకుతారని బాధపడకు, పలికేవాళ్ళు ప్రేమగా పలికితే సగమైనా చాలు. కావాలని వంకరగా పలికేవాడైతే మాత్రం మళ్ళీ మళ్ళీ సరిచెయ్యి.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. కువైట్‌లో మా గదిలో ఎనిమిది మందికి కలిపి ఆరు కులాలు, రెండు మతాలు. కుండ ఒకటే. అరబ్బులకు మేమంతా ‘హిందీ’లమే, అంటే ఇండియా వాళ్ళమే, కనుక మాలో మాకు తేడాలు చూపించుకునే తీరిక లేకపోయింది. ఊరికి వచ్చాక అవే మనుషులు పెళ్ళి పందిట్లో వేరువేరు వరుసల్లో కూర్చోవడం చూశాను. మీ అమెరికాలో మాత్రం, చదువుకున్నవాళ్ళు, కార్లలో తిరిగేవాళ్ళు, సముద్రం దాటాక కూడా ఎవరు ఏ సంఘం మనిషో చూసుకుని పండగలకు పిలుచుకుంటారని విన్నాను. అలాంటి చోట ఇమడలేకపోతున్నానని నువ్వు దిగులు పడితే, ఆ దిగులు నీ ఆరోగ్యానికి గుర్తు. ఇమిడితేనే నాకు కంగారు.

అరోరాలో వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళమని అమ్మ పోరుతూ ఉంటుంది. వెళ్ళాలనిపిస్తే వెళ్ళు, పులిహోర బాగుంటుందన్నావు కదా. మమ్మల్ని సంతోషపెట్టడానికి అక్కడ ఫొటో దిగి పంపనక్కర్లేదు. నాకు నిజంగా సంతోషం కలిగిన ఫోను నవంబరులో వచ్చింది. మట్టితో కుండలు చేసే క్లాసులో చేరానని, పక్కన కూర్చునే డెబ్బై ఏళ్ళ ఆవిడ నీ వంకర కుండ చూసి పడీ పడీ నవ్విందని చెప్పావు. ఆ రోజు నువ్వు ఏమీ సర్దుకోకుండా మాట్లాడావు, చెంప మీద మట్టి కూడా ఉంది. ఆవిడకు నీ వీసా ఏ అక్షరమో తెలియదు, అడగదు. అలాంటి మనుషులు ఇద్దరు ముగ్గురు దొరికితే చాలు. ఆ క్లాసు మానవద్దు.

చలికాలం గురించి నా వృత్తి తరఫున ఒక మాట. డిసెంబరులో చికాగోలో సాయంత్రం నాలుగున్నర కాకముందే చీకటి పడుతుందన్నావు. వెలుతురుకూ మనసుకూ సంబంధం ఉందని ఎలక్ట్రీషియన్‌గా నాకు ఎప్పటినుంచో అనుమానం, ఇప్పుడు చదివితే రుజువే ఉంది. నార్మన్ రోసెంతాల్ అనే డాక్టరు దక్షిణాఫ్రికా నుంచి అమెరికా వలస వచ్చి, చలికాలం రాగానే తనలో హుషారు పడిపోవడం గమనించాడు. 1984లో ఆయనా సహచరులూ కలిసి ఆ చలికాలపు దిగులును వివరిస్తూ వ్యాసం వేశారు. ఆయన కూడా పరదేశం వెళ్ళినవాడే కనుక కనిపెట్టగలిగాడని నా అభిప్రాయం. పుట్టినప్పటి నుంచీ ఆ చీకట్లోనే ఉన్నవాడికి తేడా ఏం తెలుస్తుంది?

దీనికి 10,000 లక్స్ దీపం పెట్టె వాడతారు. పొద్దున్నే అరగంట, నేరుగా దాన్ని చూడకుండా, పక్కన పెట్టుకుని కాఫీ తాగడమే. లక్స్ అంటే వెలుతురు కొలత, నీకు చిన్నప్పుడు మీటరుతో చూపించాను. ట్యూబులైట్ల ఆఫీసు గదిలో మూడు నాలుగు వందలు ఉంటుంది. మన మేడ మీద మిట్టమధ్యాహ్నం లక్ష దాటుతుంది. నువ్వు రాజంపేట లక్షలోంచి వెళ్ళి మూడు వందల్లో కూర్చున్నావు, శరీరం గొడవ చేయదా మరి! అయితే కొనేటప్పుడు ఒకటి చూడు. 10,000 అన్నది ఎంత దూరంలోనో పెట్టె మీద రాసి ఉంటుంది. కొన్ని చవక రకాలు ముఖానికి ఆనించుకుంటేనే అంత ఇస్తాయి, మూరెడు దూరం జరిగితే సగం కూడా రాదు. అతినీలలోహిత కిరణాలు రాకుండా అడ్డు ఉన్నది తీసుకో. నీ డాక్టరును అడిగాకే వాడు, అందరికీ పడదట.

ఇది రాయడం కష్టంగా ఉంది, అయినా రాస్తాను. ఎప్పుడైనా ఒక రాత్రి మరీ భరించలేనట్టు అనిపిస్తే, బతకడం ఎందుకన్న ఆలోచన వస్తే, అక్కడ 988కి ఫోన్ చెయ్యి, మెసేజ్ అయినా పంపవచ్చట, ఏ వేళైనా పలుకుతారు. ఆ తర్వాత మాకు చెయ్యి. మాకు రాత్రి, పగలు అని చూడవద్దు. ఇక్కడ మనకూ అలాంటి నంబరు ఉంది, 14416, టెలి మానస్ అంటారు, తెలుగులోనే మాట్లాడతారు. నువ్వు దసరాకు రాలేదని మీ అమ్మ అన్నం మానేసినప్పుడు నేను దానికి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి చాలాసేపు ఓపిగ్గా విన్నది. దిగులు విమానం ఎక్కినవాళ్ళకే కాదు, విమానాశ్రయం బయట నిలబడి చెయ్యి ఊపినవాళ్ళకూ ఉంటుంది.

డబ్బు సంగతి. నీ చదువు అప్పు తీరిపోయి నాలుగేళ్ళయింది. ఇంకా నెల నెలా పంపుతూనే ఉన్నావు. షాపు అద్దె వస్తుంది, నాకు చిన్నచిన్న పనులు దొరుకుతూనే ఉన్నాయి, మా ఇద్దరికీ అది చాలు. ఈ నెల నుంచి సగం పంపు. మిగతాది డాక్టరు ఫీజుకూ మంచానికీ పెట్టు. నీ బీమా ఆ ఫీజులో కొంతే ఇస్తుందని అమ్మతో అన్నావట, డబ్బు చూసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గిస్తావేమోనని నా భయం.

చుట్టాల గురించి బెంగ వద్దు. జీతం ఎంత, కార్డు వచ్చిందా, పెళ్ళెప్పుడు, ఈ మూడే కదా అడిగేది. సంక్రాంతికి మీ పెద్దత్త అడిగింది. మా అమ్మాయి ప్రస్తుతం కుండలు చేస్తోంది అని చెప్పాను. ఉద్యోగం పోయిందనుకుని ఆవిడ రెండు రోజులుగా బాధపడుతోందట. నీకు ఫోన్ చేస్తే ఓదార్చు.

ఇంకో విషయం, కోపం తెచ్చుకోకు. మేడ మీద నీ గదిని అద్దెకు ఇచ్చాను. ప్రభుత్వాసుపత్రిలో కొత్తగా చేరిన నర్సమ్మ, పీలేరు అమ్మాయి. నీ గది నువ్వు వెళ్ళిన రోజు ఎలా ఉందో అలాగే ఉంచి, వారానికోసారి దుమ్ము దులపడం మీ అమ్మకు మంచిది కాదనిపించింది, నీకూ మంచిది కాదు. నీ సర్టిఫికెట్లు, కప్పులు, ఫొటోలు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాను. పుస్తకాల్లో ఏవి కావాలో చెప్పు, తెచ్చి ఇస్తాం. వచ్చినప్పుడు ఎప్పటిలాగే హాల్లో కూలర్ ముందు పడుకుంటావు, ఆ చోటు ఎవరికీ ఇవ్వలేదు.

తెచ్చి ఇస్తాం అన్నాను కదా. నువ్వు రాలేకపోతే మేమే వస్తాం. మా విజిటర్ వీసాలకు ఇంకా గడువుంది. మే నెలాఖరుకు చూడు, టికెట్లు నేనే కొంటాను, నువ్వు బేరాలాడవద్దు. అప్పటికి ఆ మంచం రావాలి, మీ అమ్మ మోకాళ్ళతో నేల మీద పడుకోలేదు. మీ దగ్గర కరెంటు 120 వోల్టులు కదా, నా టెస్టరు పనికొస్తుందా, అక్కడే కొనాలా కనుక్కుని చెప్పు. ఫోనులో నీ వెనకాల వంటింటి దీపం మిణుకుమిణుకుమంటోంది, ఓనరు బాగుచేయించకపోతే నేను చూస్తాను. ఆవకాయ ఎన్ని కిలోలు, ఏ సీసాలో అన్నది అమ్మ విడిగా రాస్తుందట.

ఇట్లు,
మీ నాన్న.